సుపేలాలో అచ్చు వేయించిన ఇరవై కాపీలు

…అందుకే చివరికి ట్యూషన్‌కి వెళ్తున్నాననే ఇంట్లో చెప్పాను. నిన్న రాశాను కదా, రేపు రాయపూర్ పుస్తక ప్రదర్శనలో సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్ళకు ఒక బల్ల ఇస్తున్నారని, కనీసం ఇరవై కాపీలు తెచ్చుకోవాలని. నాది ఇరవై నాలుగు పేజీల కథ. భాష తెలుగు, అక్షరాలు హిందీవి. మా భిలాయి తెలుగు పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాళ్ళ కోసమే అలా రాశాను. ఇంకో లాభం కూడా చూసుకున్నాను. హిందీవాళ్ళు చదవగలరు గాని వాళ్ళకు అర్థం కాదు. మా పెద్దవాళ్ళకు అర్థమవుతుంది గాని హిందీ అచ్చు ఓపిగ్గా చదవరు. కాబట్టి ఎవరికీ దొరకను అనుకున్నాను.

దొరకడానికి ఏముందంటే, కథలో నాన్న ఉక్కు ప్లాంట్‌లో క్రేన్ నడుపుతాడు. చెవులు వినబడడం తగ్గిపోయింది. తెలిస్తే క్రేన్ మీంచి దింపేస్తారని దాస్తాడు. వినికిడి పరీక్షలో బీప్ వినబడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. ఎదురుగా ఉన్న అద్దంలో పరీక్ష చేసేవాడి చెయ్యి కదిలితే చాలు, నొక్కెయ్యమని కూతురు నేర్పిస్తుంది. నాన్న పాసైపోతాడు. పేర్లు మార్చాను. మిగతాదంతా మా ఇంట్లో జరిగిందే.

ఇవాళ రెండో శనివారం, బడి లేదు. నాన్న ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్ళిపోయారు. పదింబావుకు సెక్టర్ 6లో షేర్ ఆటో ఎక్కాను. సుపేలాకు ఇరవై రూపాయలు, పావుగంట దారి, ముగ్గురు పట్టే సీట్లో నలుగురం. పెన్‌డ్రైవ్ ఉన్న బ్యాగును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటే, అందులో నగలేమైనా ఉన్నాయా దీదీ అని డ్రైవర్ భయ్యా ఏడిపించాడు. పరీక్ష హాల్ టికెట్ ఉందని చెప్పాను. అబద్ధాలు ఇవాళ చాలా సులువుగా వచ్చాయి.

మెయిన్ రోడ్డు వెనక సందులో రెండు మెషిన్ల జిరాక్స్ షాపు ఉంది. కాగితాలు మధ్యకు మడిచి, పిన్ను కొట్టి, రంగు అట్ట వేస్తే కాపీకి ముప్పై రూపాయలు. మొదటి కాపీ బయటికి రాగానే, పేజీలు వరుసగా వచ్చాయో లేదో చూడడానికి షాపు భయ్యా ఒక పేజీ ఆఖరి వాక్యం, తర్వాతి పేజీ మొదటి వాక్యం గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. అర్థం కాని మాటలు తన నోటి నుంచే వస్తుంటే అతనికి సరదా వేసింది. ఇదేం మంత్రమని అడిగి మరీ చదివాడు.

పక్కన ప్లాంట్ గేట్ పాస్ జిరాక్స్ కోసం నిలబడ్డ ఒక పెద్దాయన నవ్వాడు.

"ఏటమ్మా, ఇది మన బాసే కదేటి? ఈడి నోట ఇంటంటే గమ్మత్తుగుంది."

ఇంకా చదవమని హిందీలో భయ్యాకు చెప్పాడు. నేను చెయ్యి చాపాను. భయ్యా పుస్తకం పైకెత్తి పట్టుకుని తర్వాతి పేజీ తిప్పాడు. క్రేన్, చెవులు, అద్దం, చెయ్యి, బటన్. పెద్దాయన నవ్వడం ఆపేశాడు.

"ఎవలమ్మాయివి నువ్వు?"

"కథ అంకుల్. ఊరికే రాశాను."

"కతే అనుకుందుం. నాను క్రేను కింద నిలబడి సైగలిచ్చే మడిసిని. మొన్న నాలుగు మాట్లు ఈలేస్తే గాని కొక్కెం ఆగలేదు. నా ఈలే పాడైపోనాదని కొత్తది కొనుక్కున్నాను."

కోప్పడలేదు. జేబులోంచి ఈల తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ పెట్టేసుకున్నాడు. గేట్ పాస్ తీసుకుని క్యాంప్ 2 బస్తీ వైపు నడిచి వెళ్ళిపోయాడు. మిగతా కాపీలు అయ్యేదాకా గంటసేపు స్టూలు మీద కూర్చున్నాను. తిరుగు ఆటోలో ఎవరు పక్కన కూర్చున్నారో కూడా గుర్తు లేదు.

ఇప్పుడు సాయంత్రం ఐదు. ఇరవై పుస్తకాలూ మంచం మీద ఉన్నాయి. నాన్న ఉద్యోగం పోతుందనే భయం రాశాను, అమ్మ ఏడుపు రాశాను, బటన్ నొక్కడం నేర్పిన కూతురి తెలివి చాలా గొప్పగా రాశాను. క్రేన్ కింద ఒక మనిషి నిలబడి ఉంటాడని మాత్రం ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాయకూడదని కాదు, నాకు తట్టనే లేదు. ఆయన చెబితే నాన్న క్రేన్ దిగాలి. చెప్పకపోతే సోమవారం ఆయన మళ్ళీ ఆ కొక్కెం కిందే నిలబడాలి. ఈ రెండింటిలో ఏది జరగాలని కోరుకోవాలో తెలియడం లేదు.

మీరూ ఇలా కాపీలు తీయించుకోవాలనుకుంటే ఒక్క మాట. మొదటి కాపీ మీరే చేతిలోకి తీసుకుని, పేజీలు మీరే సరిచూసుకోండి. షాపులో ఎవరి చేతా పైకి చదివించకండి.

తలుపు కొడుతున్నారు. "అన్నా, ఇంటికాడున్నావేటి?" షాపులో కనబడ్డ పెద్దాయన గొంతే. నాన్న తలుపు పక్కనే కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నారు. తల తిప్పలేదు. అమ్మ కూరగాయలకు వెళ్ళింది. పుస్తకాలు పరుపు కిందికి తోసేస్తున్నాను. మళ్ళీ కొట్టారు. వినబడింది నాకొక్కదానికే.