దీపం కింద కందిచేను

మార్కాపురంలో మా విత్తనాల దుకాణానికి ఒక పేరుంది. నాసిరకం గింజ మా గడప దాటదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. అందుకే ఆ రోజు పెద్దారవీడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు అక్క, నలుగురు చూస్తుండగా పూతలేని కందికొమ్మను నా బల్లమీద పడేస్తే ఒళ్లు మండిపోయింది.

"పక్కచేలన్నీ పూసినాయి తమ్ముడూ. నా చేన్లో రోడ్డు పక్కంతా ఆకే గానీ పూత లేదు. ఏంది నువ్విచ్చిన విత్తనం?" అన్నది.

విత్తనంలో తప్పుంటే దుకాణమే మూసేస్తానని అందరి ముందూ అనేశాను. కోపంలో వచ్చిన మాటే కానీ, అన్న తర్వాత వెనక్కి తీసుకునే రకం కాదు నేను. వెంటనే బండి తీసి ఆమె చేనికి పోయాను.

చూడగానే గెలిచాననుకున్నాను. అవతలి గట్టు వైపు అదే విత్తనం విరగబూసి ఉంది. రోడ్డు వైపు మొక్కలు మాత్రం ఏపుగా పెరిగాయి, ఒక్క పువ్వు లేదు. ఆ పూయని మేర సగం బండిచక్రంలా గుండ్రంగా ఉంది. పురుగూ తెగులూ అంత తీరుగా గీత గీసుకుని రావు. ఆ వంపుకు నడిమధ్య ఏముందా అని తలెత్తితే కరెంటు స్తంభం. దానికి ఎల్‌ఈడీ దీపం, కింద రేకుమీద మా నాయన పేరు. మలుపులో చీకటికి జనం ఇబ్బంది పడుతున్నారని ఆయన జ్ఞాపకంగా మొన్న వేసవిలో నేనే పెట్టించాను.

వ్యవసాయ కాలేజీలో చదువుతున్న మా అమ్మాయికి ఫొటో పంపితే ముందు నవ్వింది, తర్వాత చెప్పింది. మొక్కలో కాలాన్ని కనిపెట్టే జన్యువులు ఉంటాయట. వాటి పనే గడియారం పని. రాత్రులు పొడుగయ్యాయని వాటికి తెలిస్తేనే మా వైపు కంది పూతకు వస్తుంది. తెల్లవార్లూ దీపం వెలిగే చోట ఆ సంగతి తెలిసేదెట్లా? ముప్పై ఏళ్లుగా కందులు అమ్ముతున్న నాకు ఇది తెలియదు. నిజంగా సిగ్గేసింది.

మరునాడే ఆమె ఊరికి పోయి, ఇరుగుపొరుగు వినేట్టుగా చెప్పాను. విత్తనం మంచిదేనని, తప్పంతా నా దీపానిదని, ఇవాళే తీయించేస్తానని. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"తీయొద్దు తమ్ముడూ. నా కోడలు బేస్తవారిపేటలో పనికి పోయి పొద్దుపోయినాక ఆ మలుపులోనే బస్సు దిగుతాది. ఒక కాపు పోతే పోయిందిలే," అన్నది.

పేరు కోసం కోపం తెచ్చుకున్న నేనెక్కడ, పంట వదులుకోవడానికి సిద్ధపడ్డ ఆమె ఎక్కడ!

దీపం తీయించలేదు. పంచాయతీవాళ్లతో చెప్పి చేను వైపు రేకు అడ్డం కొట్టించాను. వెలుతురు రోడ్డుమీద మాత్రమే పడింది. కొన్ని వారాలకు ఆ సగం చక్రం కూడా పసుపుపచ్చగా పూసింది. ఆలస్యంగానైనా కాపు నిలబడింది.

కాయ ముదిరాక ఆమె మళ్లీ వచ్చింది. దుకాణం నిండా జనం. అప్పుడు కొమ్మ పడేసిన బల్లమీదే పచ్చి కందికాయల మూట విప్పింది.

"అందరి ముందు నిన్ను అనినా గదా తమ్ముడూ. ఇవీ అందరి ముందే ఇయ్యాల," అన్నది.

నేను ఒక కాయ ఒలిచాను. గింజలు నిండుగా ఉన్నాయి. అక్కడున్న ప్రతి ఒక్కరికీ చూపించాను.