అక్క పేరున్న స్టేషన్

అక్క పోయిందని లౌటోకా మిల్లు గేటు దగ్గర, వెనక బండిలో వచ్చినవాడెవరో చెబితే వాణ్ణి తిట్టాను. తిట్టనా మరి? ఆ పొద్దున్నే చెరకు రైల్లో వస్తూ ఆవిడ చేతి నీళ్ళు తాగాను. నేను మిల్లు చేరేలోగా, కుండ దించి కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయిందట. జ్వరం లేదు, నొప్పి లేదు. ఇది రాస్తున్నా నాకింకా నమ్మకం కుదరడం లేదు.

సొంత అక్క కాదు. ఒకే ఓడలో వచ్చిన జహాజీలం. చెరకు కూలికి సముద్రం దాటొచ్చిన ఈ దేశంలో అంతకు మించిన చుట్టరికం లేదు. ఏటి మలుపులో పొద్దుటి రైలు ఇంజనుకి నీళ్ళు పట్టడానికి ఆగుతుంది, మిగతావి దిగేవాళ్ళు చెబితేనే. అక్కడ ఎక్కే కూలీలకీ దిగే కూలీలకీ అక్క మంచినీళ్ళు పోసేది. "గిర్మిట్ కూలి ఒప్పందానికి వేలిముద్ర వేసింది మనం, దాహం కాదురా, తాగు" అనేది. కంపెనీ అక్కడ అంకె వేసిన పలక పాతింది. ఆ అంకె ఎవడిక్కావాలి? స్టేషన్‌కి అందరం అక్క పేరే పెట్టుకున్నాం. డ్రైవర్లూ అదే కేకేసేవారు.

చిక్కొచ్చిపడింది బావకే. మా వాళ్ళలో మగడు పెళ్ళాం పేరు పలకడు. పలికితే ఆవిడ ఆయుష్షు తగ్గుతుందని ఓడెక్కేముందు వాళ్ళమ్మ మరీ మరీ చెప్పి పంపిందట. అందుకని ఇంటికి రావడానికి రైలెక్కి "ఏటి మలుపు" అనేవాడు. మేం ఊరుకుంటామా? "అలాంటి స్టేషన్ లేదు బావా, పేరు చెబితేనే బండి ఆగుతుంది" అని ఏడిపించేవాళ్ళం. పాపం, ఒకసారి చెప్పలేక రెండు మైళ్ళు ముందుకు పోయి నడిచి వచ్చాడు. ఆ రోజు అక్క చీపురు పట్టుకుని నా వెంట పడింది. "నేను నూరేళ్ళు బతకాలని ఆయన నోరు కట్టుకుంటే నీకు నవ్వులాటగా ఉందట్రా?" అంది.

ఆవిడ పోయాక బావ మాట్లాడలేదు, ఏడవలేదు. పిలిస్తే చూసేవాడు, అంతే. ఈ మనిషి కూడా దక్కడేమోనని నాకు భయం పట్టుకుంది. మూడో రోజు అస్థికలు లౌటోకా సముద్రంలో కలిపి ఇద్దరం రైలెక్కాం. డ్రైవరు కొత్తవాడు, మమ్మల్ని ఎరగడు.

"కహాఁ ఉతరేగా, భయ్యా?" అని ఎక్కడ దిగాలో హిందీలో అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా బావ అక్క పేరు చెప్పాడు.

అతనికి వినపడలేదనుకున్నాడో ఏమో, మళ్ళీ చెప్పాడు. ఏటి మలుపులో బండి ఆగింది. బావ దిగలేదు. పెట్టె చువ్వ పట్టుకుని ఏడుస్తూ, గట్టిగా, ఆ పేరే అంటున్నాడు. డ్రైవరు ఈల వేయకుండా ఆగాడు.