మూడో మిషను గడియారం

సీతారాములుకు మనుషుల మీద గౌరవం తక్కువ. గట్టుప్పలలో తండ్రి మగ్గం పక్కన పెరిగి, పదహారేళ్లకు ఆ పని వదిలి, హైదరాబాదులో ఒక కరెంటు మిస్త్రీ దగ్గర వైర్లు లాగడం నేర్చుకున్నాడు. నందికొండ ఆనకట్ట పనికి వచ్చేటప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. వేలమంది తల మీద రాళ్లు మోస్తున్నచోట తాను మాత్రం జేబులో స్క్రూడ్రైవరుతో తిరిగేవాడు. గొర్రెలు మానుకుని కూలికి వచ్చినవాళ్లంటే అతనికి చులకన. కుర్చీల్లో కూర్చునేవాళ్లంటే ఇంకా చులకన.

అతను పనిచేసిన కాంట్రాక్టరు షెడ్డులో ఇసుక, సిమెంటు కలిపే మిషన్లు నాలుగుండేవి. ఏ మిషను ఎంతసేపు తిరిగిందో తెలియడానికి మేనేజరు గదిలో చెక్క బోర్డుకు నాలుగు గడియారాలు బిగించారు. మిషను తిరిగితే దాని గడియారం తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. మేనేజరు కోస్తా నుంచి వచ్చినవాడు. షెడ్డులోకి పోతే బట్టల మీద సిమెంటు దుమ్ము పడుతుందని, ఆ బోర్డు ముందే కూర్చుని నాలుగు మిషన్లనూ ఏలేవాడు.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో సీతారాములు కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి భార్య రాజమణితో యాదగిరిగుట్టకు పోయాడు. తిరిగొచ్చేసరికి బోర్డుకు కొత్తగా ఆకుపచ్చ రంగు వేసి ఉంది. రంగు వేయడానికి గడియారాలు విప్పారట. మళ్లీ బిగించింది మేనేజరే.

"ఇంతోటి దానికి మిస్త్రీ ఎందుకయ్యా? నేనే కలిపేశాను వైర్లు," అన్నాడు.

సీతారాములు బోర్డు వెనక్కి తొంగి చూడలేదు. అతని పని అతను చేసుకుంటాడు, నాకేం పోయిందనుకున్నాడు.

వారం తిరక్కుండా మూడో మిషను నడిపే మల్లప్పను పనిలోంచి తీసేశారు. ఎనిమిది గంటల పాళీలో అతని గడియారం రెండు గంటలకు మించడం లేదు. మల్లప్ప దేవరకొండ వైపు గొర్రెలు కాసే కురుమ. మేనేజరు గది ముందు నిలబడి, "సారూ, నేను మంచినీళ్లకు గూడ పోలే. జర మిషను కాడికొచ్చి సూడుండ్రి," అని బతిమాలాడు.

"గడియారానికి నీ మీద పగా? అది అబద్ధం చెబుతుందా?" అన్నాడు మేనేజరు, కుర్చీలోంచి కదలకుండా.

అదే వారం ఒకటో మిషను నడిపే ఐలేశానికి అందరి ముందూ శాలువా కప్పారు. ఐలేశం మిషను పాతది, గంటకోసారి బెల్టు జారేది. జారినప్పుడల్లా అతను బస్తాల చాటున ఒరిగి కునుకు తీసేవాడు. బోర్డు మీద మాత్రం అతనిది ఏడున్నర గంటలు. శాలువా భుజాన వేసుకుని, తనకే అంతుపట్టనట్టు నవ్వాడు.

సీతారాములు ఇదంతా చూశాడు. మల్లప్ప గొర్రెలోడు కదా, ఎక్కడో కూర్చుని ఉంటాడులే అనుకున్నాడు.

మల్లప్ప చోట భీమయ్య అనే కూలీని పెట్టారు. గడియారం మళ్లీ రెండే గంటలు. భీమయ్యనూ తీసేశారు. ఆ రోజు మేనేజరు టీ తాగుతూ, "ఈ ప్రాంతం వాళ్లంతా ఇంతేనయ్యా. ఒళ్లు వంచరు. ఎవణ్ని పెట్టినా ఒకటే," అన్నాడు.

ఆ మాట సీతారాములు గుండెలో ముల్లులా దిగింది. మల్లప్ప కడుపు మీద కొట్టినప్పుడు రాని కోపం, తన ప్రాంతాన్ని అన్నందుకు వచ్చింది.

మర్నాడు అన్నాల వేళ నాలుగు మిషన్లూ ఆగి ఉన్నాయి. సీతారాములు మూడోదాన్ని ఒక్కదాన్నే నడిపించి, మేనేజరు కిటికీ కిందికి పోయాడు.

"సారూ, ఏ గడియారం తిరుగుతుంది?"

"ఒకటోది. అయితే ఏం?"

"ఒకటో మిషను ఆగి ఉంది. కిటికీల నుంచి తలకాయ వెట్టి సూడుండ్రి."

మేనేజరు చూశాడు. ఐలేశం ఆగిన మిషను పక్కన సద్దిమూట విప్పుకుంటున్నాడు. సీతారాములు గదిలోకి వచ్చి బోర్డును గోడ నుంచి ఎత్తి చూపాడు. ఒకటో వైరు మూడో గడియారానికి, మూడో వైరు ఒకటోదానికి బిగించి ఉన్నాయి.

"అయిదు నిమిషాల పని. మారుస్త."

"ముట్టుకోకు!" అన్నాడు మేనేజరు. ముఖం కందగడ్డలా అయింది. బోర్డును తనే మళ్లీ గోడకు తగిలించాడు. "బోర్డు సరిగ్గానే ఉంది. మిషన్ల మీద నంబర్లే ఎవడో వెధవ తప్పుగా రాశాడు."

అన్నట్టే ఆ సాయంత్రం రంగు డబ్బా తెప్పించి ఒకటో మిషను మీద మూడనీ, మూడోదాని మీద ఒకటనీ రాయించాడు. ఐలేశం మిషను ఇప్పుడు రెండు గంటలే చూపిస్తే, "పాపం, పాత మిషను, వాడేం చేస్తాడు?" అన్నాడు. మల్లప్ప, భీమయ్యల పేర్ల ఎదుట రాసిన 'సోమరి' అన్న మాట కొట్టేయలేదు. రిజిస్టరులో కొట్టివేతలుంటే పైవాళ్లకు అనుమానం వస్తుందట.

ఇంత బుద్ధిహీనుణ్ని తన జన్మలో చూడలేదని సీతారాములు మర్నాడు ఇంటికొచ్చి రాజమణికి చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతూ విన్నది.

"ఆయన సంగతి సరే. నువ్వెన్నడు సూసినవ్ బోర్డు ఎనక?"

"నిన్న."

"మల్లప్పను తీసేసి ఇరవై రోజులాయె. గొర్రెలోడు గిట్లనే ఉంటడని నాతోటి అన్నది నువ్వే గద."

సీతారాములు చేట చప్పుడు వింటూ గడప మీద కూర్చున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది. అతనికది కొత్త.

ఆదివారం బస్సెక్కి దేవరకొండలో దిగి, రెండు కోసుల దూరం నడిచి మల్లప్ప ఊరు చేరాడు. మల్లప్ప గొర్రెల దొడ్డి చుట్టూ ముళ్లకంపను సరిచేస్తున్నాడు. జరిగిందంతా విన్నాడు.

"నాతోని రా. నలుగురిల సాక్ష్యం చెప్త. మళ్ల పెట్టుకుంటరు," అన్నాడు సీతారాములు.

మల్లప్ప చేతిలోని కంపకొమ్మను దింపలేదు. "ఎనిమిది నెలలు నీ కండ్ల ముంగటనే జేసిన గదా సీతారాములు. నువ్వు రోజు సూసినవ్. గప్పుడు నీకు గూడ గడియారమే నిజమైంది. గా కొలువు నాకొద్దు. ఎండల వచ్చినవ్, నీళ్లు తాగి పో."

సీతారాములు నీళ్లు తాగి వచ్చేశాడు.

ఆ దీపావళికి కాంట్రాక్టరు పెద్ద గుమాస్తా వచ్చి, నంబర్ల తప్పును పట్టుకున్నందుకు మేనేజరును మెచ్చుకున్నాడు. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. సీతారాములు కూడా రెండుసార్లు కొట్టి, చేతులు దులుపుకుని బయటికి నడిచాడు. ఆ నెలాఖరుకు పని మానేసి నల్లగొండలో మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు.