చూడండి గానీ నొక్కకండి

ఈ ఉదయం చాయ్ కప్పు ఇంకా చేతిలో ఉండగానే ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఫోన్‌లో ఎవరు ఏం వెతికినా జవాబులు చూపించే కంపెనీ అది. జవాబులకు పైన డబ్బు కట్టినవాళ్ళ ప్రకటనలు వేస్తుంది. సేవాసంస్థలకైతే కొన్ని ప్రకటనలు ఉచితంగా ఇస్తుంది. ఇచ్చి ఊరుకుంటే బాగానే ఉండేది. ఏడాదికోసారి ప్రశ్నల పత్రం ఒకటి పంపుతుంది. 'మీ ప్రకటన సరైన మనుషులకు సరైన సమయంలో చేరుతోందా?' అన్నది మొదటి ప్రశ్న. అవును, కాదు అని రెండు గళ్ళు. చాయ్ చల్లారిపోయింది గానీ నేను ఏ గడిలోనూ టిక్కు పెట్టలేకపోయాను.

ఇరవై ఏళ్ళు ప్రకటనల ఆఫీసులో సబ్బులూ బిస్కెట్లూ అమ్మించి, చివరికి నడుం నొప్పి సంపాదించుకుని మానేసినదాన్ని. పోనీ కాస్త పుణ్యం వస్తుందని ఒక సంస్థకు ఈ ఉచిత ప్రకటనల పని చేసిపెట్టానో లేదో, 'అక్కా, జర మాది గూడ చూడరాదూ' అంటూ ఊరంతా తగులుకుంది. అనాథాశ్రమం వాళ్ళు, కంటి ఆపరేషన్ల వాళ్ళు, వీధి కుక్కలకు అన్నం పెట్టేవాళ్ళు. అందరికీ నాది ఒకటే పాఠం: మీ ట్రస్టు ఘనమైన పేరు ఎవరూ వెతకరు, కష్టంలో ఉన్న మనిషి తన కష్టం గురించే అడుగుతాడు. అందరూ బుద్ధిగా తల ఊపుతారు. ఊపి, ప్రకటనలో అధ్యక్షుల వారి ఫోటో పెట్టలేమా అంటారు. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అలా నా మెడకు చుట్టుకున్న వాటిలో మా చిన్నమ్మది ఒకటి.

చిన్నమ్మ సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఇంట్లో కూర్చునే రకం కాదు. ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో రెండు గదులు తీసుకుని, పాదం లోపలికి తిరిగి పుట్టిన పిల్లలకు ఉచితంగా వైద్యం చేయించడం మొదలుపెట్టింది. ఎముకల డాక్టరు వారానికోసారి వచ్చి, పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పి పిండికట్టు వేసి పోతాడు. కట్లు అయిపోయాక ఒక ఇనుప కడ్డీకి రెండు చివర్లా బిగించిన బుల్లి బూట్లు తొడగాలి. ఆ కడ్డీలు మా చిన్నాయన చేస్తాడు. ఆయన కంచన్‌బాగ్ లోహాల ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసినవాడు. కడ్డీ అంచు నున్నగా వచ్చిందో లేదో తన చెంపకు రాసుకుని చూస్తాడు, అందుకే ఆయన చెంప మీద ఎప్పుడూ ఒక గీత ఉంటుంది. గదిలో తడి సున్నం వాసన, డెట్టాల్ వాసన, బెంచీ మీద పాలు తాగుతూ నిద్రపోయే పసివాళ్ళు. 'నెలలోపల తేవాలె బిడ్డా. గప్పుడు ఎముక మైనం లెక్క ఉంటది, చెప్పినట్టు వింటది. ఏడాది దాటినంక ఏడిపిస్తది' అనేది చిన్నమ్మ. ఆవిడ దిగులంతా అదే. వైద్యం ఉంది, డాక్టరున్నాడు, బూట్లున్నాయి. ఇక్కడ ఇదంతా ఉందని బాలింతలకు తెలియాలి, అదీ నెలలోపు తెలియాలి.

అందుకని నేను దిగాను. ప్రకటన మొదలైన రోజు చిన్నమ్మ తన ఫోన్‌లో 'వంకర పాదం ఉచిత వైద్యం' అని కొట్టి చూసింది. అన్నిటికన్నా పైన తన పేరే కనిపించింది. 'ఓయమ్మో! ఒక్క పైస కట్టలే, మనదే పైన ఉన్నదే!' అని బెంచీ పొడుగునా తల్లులందరికీ చూపించింది. ఆవిడ వేలు ఆ ప్రకటన మీదికి పోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. 'చూడుండ్రి గానీ నొక్కకుండ్రి. రోజుకు ఇన్ని నొక్కులే అని ఉంటది. మీరు నొక్కితె ఎక్కడనో ఉన్న తల్లి వంతు మీరు తిన్నట్టే' అన్నాను. మా వృత్తిలో అందరూ చెప్పే మాటే. అబద్ధమేమీ కాదు. కాకపోతే సగమే చెప్పాను.

రెండు వారాల్లో ఫోన్లు మొదలయ్యాయి. నారాయణపేట నుంచి ఒకరు, జహీరాబాద్ నుంచి ఒకరు, పదకొండు రోజుల పాపను టవల్లో చుట్టుకుని లోకల్ రైలు దిగిన అమ్మమ్మ ఒకావిడ. చిన్నమ్మ నడక మారిపోయింది. నాకూ, నిజం చెప్పొద్దూ, సబ్బులు అమ్మిన పాపం కాస్త కడుక్కున్నట్టనిపించింది. మూడో నెల గడిచేసరికి ఫోన్లు తగ్గాయి, ఆ తర్వాత బొత్తిగా ఆగిపోయాయి. వెనకాలే కంపెనీ మెయిల్: మీ ఖాతా నిలిపివేశాం.

కారణం ఉంది. ఉచిత ప్రకటన వందసార్లు కనిపిస్తే కనీసం ఐదుసార్లైనా ఎవరో ఒకరు నొక్కాలని నియమం. తగ్గేకొద్దీ దాన్ని తక్కువమందికే చూపిస్తారు; వరసగా రెండు నెలలు అంతకన్నా తగ్గితే ఇది ఎవరికీ అక్కరలేని ప్రకటన అని కంపెనీ తేల్చేస్తుంది. మాది వందకు ఒకటికి పడిపోయింది. ఎందుకు పడిందో అర్థంకాక బుర్ర గోక్కుంటూ ఫలక్‌నుమా వెళ్ళాను. చిన్నాయన నన్ను చూడగానే సంబరంగా ఒక నోటుబుక్కు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఫ్యాక్టరీ మస్టరు లాగా గీతలు గీసి, పేర్లు రాసి, రోజూ హాజరు. పనిచేసేవాళ్ళు, బెంచీ మీది తల్లులు, వాళ్ళ భర్తలు, స్టేషన్ దగ్గర చాయ్ తాగే ఆయన పాత దోస్తులు. పొద్దున తొమ్మిది కొట్టగానే అందరూ ఫోన్లు తీసి ఆ మాటే వెతకాలి. 'వచ్చిందా?' అని ఆయన అడగాలి, 'వచ్చింది బాపూ!' అని వాళ్ళనాలి.

'నలభై ఇద్దరం బిడ్డా. ఒక్క దినం గూడ నాగ లేదు. కొందరైతే పొద్దుమూకి గూడ చూస్తరు. నువ్వు చెప్పినవని ఒక్కలు గూడ నొక్కలే.'

గుడి సేవలో పుట్టి పెరిగిన వంశం మాది. చూడాలి, ముట్టుకోకూడదు అంటే మాకు కొత్తగా ఎవరూ నేర్పక్కరలేదు. రోజూ నలభై ఇద్దరు భక్తిగా చూసి, నొక్కకుండా ఫోను మూసేశారు. చూసిన ప్రతిసారీ మా లెక్క కిందికి దిగింది. ఊరికే చూసినా నష్టమేనన్న మిగతా సగం నేను చెప్పలేదు కదా. నవ్వాలో ఏడవాలో తెలియక నోటుబుక్కు మూసి, 'రేపటి నుంచి చూసుడు గూడ బంద్ చిన్నాయనా' అన్నాను. ఎందుకో ఆయనకు అర్థమైపోయినట్టుంది. మొహం చిన్నబోయింది.

ఖాతా మళ్ళీ తెరిపించడానికి నలభై రోజులు పట్టింది. బోనాలు మొదలైనప్పటి నుంచి అవి ముగిసిన పది రోజుల దాకా. కిటికీ అవతల డప్పులు మోగుతుంటే, ఇవతల నేను కంపెనీకి అర్జీ మీద అర్జీ రాశాను. 'మీ సందేశం అందింది' అని మర జవాబు. ఇంకో ఫారం నింపమని ఇంకో మర జవాబు. మధ్యలో విసుగెత్తి వారం రోజులు దాని మొహమే చూడలేదు. చచ్చే విసుగు, అంతకుమించి ఏమీ కాదనుకున్నాను. చివరికి తెరిచారు, ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి, నేను మర్చిపోయాను.

ఏడాది దాటాక ఒకామె వచ్చింది. ఇటుకల పనికి పోయే మనిషి, చంకలో పిల్లవాడు. రెండు పాదాలూ లోపలికి తిరిగి, వాడు పాదాల పక్క అంచుల మీద నిలబడే ప్రయత్నం చేస్తున్నాడు. ఆ అంచులప్పుడే కాయలు కాస్తున్నాయి. ఉండేది ఉప్పుగూడలోనట, మాకు ఒక్క స్టేషన్ దూరం. ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదని చిన్నమ్మ గట్టిగానే కసిరింది.

'నాకు రాయరాదమ్మా. పుట్టిన ఇరవై దినాలకే ఫోన్ల మైకు నొక్కి అడిగిన, పిల్లగాని పాదాలు లోపటికి మలిగినయి ఏం చెయ్యాలె అని. మాలీష్ వీడియోలు వచ్చినయి. గవే చేసుకుంట కూసున్న. మొన్న మళ్ళ అడిగితె మీది వచ్చింది.'

'ఎప్పుడు అడిగినవ్ ఫస్టు?' అన్నాను నేను.

'బోనాలు అయిన వారానికక్కా.'

చిన్నాయన చేతిలో కడ్డీ ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి నా వైపు చూశాడు. 'మేం రోజు చూడకుంటె ఆమెకు కనవడేదా బిడ్డా?' అన్నాడు. నేను అబద్ధమాడాను. 'గది కంపెనీ గోల చిన్నాయనా, మనది ఏం లేదు' అన్నాను. ఆయన నమ్మలేదు. తప్పు ఆయనది కాదు, నాది; ఆ మాట అప్పుడే అనాల్సింది. ఇప్పుడు అంటున్నది కూడా ఆయన ఎదుట కాదు, ఇక్కడ రాసుకుంటున్నానంతే.

పిల్లవాడికి మామూలుగా పడే కట్లకు రెట్టింపు పడ్డాయి, పైన ఒక ఆపరేషను. కట్టు విప్పినప్పుడల్లా వాడు ఏడిచిన ఏడుపు సందు చివరి దాకా వినిపించేది. ఇప్పుడు నడుస్తాడు, పరుగెత్తుతాడు కూడా. అలిసిపోతే మాత్రం ఎడమ పాదం కొంచెం లోపలికి పోతుంది. తల్లి చూసి 'గంతే కదక్కా' అని నవ్వుతుంది. ఆ నవ్వు నాకు భరించడం కష్టం.

ఏ మాట వెతికితే మా ప్రకటన రావాలో ఖాతాలో జాబితా ఉంటుంది; ఆమె మైకులో అడిగిన మాటను అక్షరం మార్చకుండా అందులో చేర్చాను. ఈ ఉదయం ఆ వరసే తెరిచి చూశాను. నిన్న ఎవరో సరిగ్గా అదే మాట అడిగారు, మా ప్రకటన కనిపించింది, నొక్కారు. నొక్కుల గడిలో ఒకటి అని ఉంది. పత్రంలో 'అవును' అని టిక్కు పెట్టి, మళ్ళీ తీసేసి, అలాగే మూసేశాను. నాకు విసుగ్గా గడిచిన ఆ నలభై రోజులు ఎక్కడికీ పోలేదు. ఉప్పుగూడలో ఒక పిల్లవాడి ఎడమ పాదంలో ఎముకై గట్టిపడి ఉన్నాయి.