ఎడమ భుజం మాట నేను చెప్పలేదు

నేను అనని మాటకి నన్ను దోషిని చేశారు. ఒక ఐస్ హాకీ ఆటగాడి ఎడమ భుజం దెబ్బతిని ఉందన్న సంగతిని బయటపెట్టింది ఇర్వింగ్‌లో ఉండే దర్జీ అని ఇక్కడి అభిమానులంతా నమ్మారు. ఆ దర్జీని నేనే. ఏళ్ళ తరబడి నమ్మారు. నమ్మినవాళ్ళలో నా ముఖం చూసి అడిగినవాడు ఒక్కడు. వాడు కూడా అడగకుండా ఉంటే బాగుండేది.

టెక్సాస్ ఎండలో మంచు మీద ఆటేమిటని మీరు నవ్వచ్చు. తెనాలి నుంచి మస్కట్, మస్కట్ నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ నవ్వాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు వార్తాపత్రిక చదివి నేర్చుకున్నాను, హాకీ నా కౌంటరు ముందు నిలబడి వాదించుకునేవాళ్ళ నోట విని నేర్చుకున్నాను. ఆ ఆటలో ఒక పద్ధతుంది. మ్యాచ్ రోజున ఆటగాళ్ళు స్టేడియానికి సూటు వేసుకుని రావాలి. స్కేటింగ్ చేసి చేసి వాళ్ళ తొడలు దుంగల్లా ఉంటాయి, నడుము సన్నం. షాపులో కొన్న ప్యాంటు నడుముకి సరిపోతే తొడకెక్కదు, తొడకెక్కితే నడుం దగ్గర జారిపోతుంది. అందుకే ఆల్టరేషన్, అంటే కుట్టిన బట్టని విప్పి మనిషికి సరిచేసే పని, వాళ్ళకి తిండి ఎంత అవసరమో అంత అవసరం. ఒకడికి బాగా కుదిరింది చూసి ఇంకొకడు, అలా సగం టీము నా దగ్గరికి వచ్చేది.

వాళ్ళలో ఒకతన్ని ఇక్కడ కోల్ అంటాను. అసలు పేరు వద్దు. కెనడాలో ఎక్కడో గోధుమ పొలాల మధ్య పుట్టాడు, తక్కువ మాట్లాడతాడు. కోవిడ్‌కి ముందు సంవత్సరం, మార్చి నెల. కొలత కోసం చేతులు చాపమన్నాను. కుడి చెయ్యి లేచింది, ఎడమది సగంలో ఆగిపోయింది. నేను చూడనట్టు టేపు తిప్పాను.

"శామ్, చెయ్యి ఎత్తకుండా కోటు వేసుకునేలా చెయ్యగలవా?" అన్నాడు.

"చేస్తాను."

"ఎందుకని అడగవా?"

"కోటుకి కావలసింది నువ్వు చెప్పేశావు. మిగతాది నాకెందుకు?"

నవ్వాడు. ఆర్మ్‌హోల్, అంటే చెయ్యి దూర్చే గుండ్రం, కొంచెం కిందికి దించాను. లోపలి లైనింగ్ వదులు చేశాను. కుంగిన వైపు షోల్డర్ ప్యాడ్ ఒక పొర ఎక్కువ పెట్టాను. వేసుకుని నిలబడితే ఏ కెమెరాకీ దొరకడు. ఆ పని గురించి ఇంట్లో మా ఆవిడ మేరీకి కూడా చెప్పలేదు. మనిషి ఒళ్ళు చూసే వృత్తి మాది. ఎవరికి పొట్ట వచ్చింది, ఎవరి కాలు ఆపరేషన్ తర్వాత చిక్కిపోయింది, అన్నీ టేపుకి తెలుస్తాయి. టేపు మాట్లాడదు.

హాకీలో దెబ్బ ఎక్కడో చెప్పరు. టీమువాళ్ళు "అప్పర్ బాడీ ఇంజురీ" అంటారు, నడుముకి పైన ఎక్కడైనా కావచ్చు. కోల్ గురించీ అంతే చెప్పారు. చోటు తెలిస్తే అవతలి టీము అక్కడే గుద్దుతుంది మరి. పైగా కోల్‌కి ఆ వేసవితో కాంట్రాక్టు అయిపోతోంది. ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే మ్యాచ్‌లు, ఆడి చూపిస్తేనే మళ్ళీ ఎవరైనా నాలుగేళ్ళకి తీసుకుంటారు. నొప్పి మింగి ఆడుతున్నది అందుకే.

ఇక అభిమానులకి నిద్ర ఉంటుందా? లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రణవ్ ఇక్కడే పుట్టాడు. కూపీ లాగడానికి, పొడుగు సరిపోయిన ప్యాంటునే మళ్ళీ తెచ్చి కౌంటర్ మీద పెట్టేవాడు. వాడి వెనకాలే బిల్, రిటైరైన ట్రక్కు డ్రైవరు, టీము టోపీ లేకుండా ఎప్పుడూ కనపడలేదు.

"అంకుల్, నీకు తెలుసు. చెప్పొద్దులే. జస్ట్ దగ్గు. ఒకసారి దగ్గితే లెఫ్ట్, రెండుసార్లు రైట్," అన్నాడు ప్రణవ్. 'మీరు' అనడం వాడికి రాదు. పొగరు కాదు, వాడికొచ్చిన తెలుగు అంతే.

"దగ్గకపోతే?" అన్నాను.

"మోకాలు!" అన్నాడు బిల్.

"మోకాలు అప్పర్ బాడీ ఎలా అవుతుంది బిల్?"

"తలకిందులుగా నిలబడితే అవుతుంది."

ముగ్గురం నవ్వాం. నిజానికి ఆ రోజు నాకు జలుబు. వాళ్ళు వెళ్ళేదాకా దగ్గు గొంతులో బిగపట్టుకుని కూర్చున్నాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ప్లేఆఫ్స్ మొదలయ్యే ముందు ఇంటర్నెట్‌లో అభిమానులు వాదించుకునే ఫోరమ్‌లో ఎవరో రాశారు: ఎడమ భుజం, నమ్మకమైన మాట. అంతే. రెండో మ్యాచ్‌లో అవతలివాడు కోల్‌ని ఎడమవైపు చూసుకుని మరీ మంచు చుట్టూ ఉండే గోడకేసి కొట్టాడు. కోల్ మంచు మీద నుంచి లేచాడు, ఆ చెయ్యి మాత్రం వేలాడింది. టీవీ ముందు కూర్చున్న నాకు నేను వేసిన కుట్లన్నీ ఒక్కసారి తెగినట్టయింది. ఆపరేషన్ అయింది. నాలుగేళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. వేరే టీము ఒక్క ఏడాదికి తీసుకుంది, ఆ తర్వాత అదీ లేదు.

కోల్ ఆసుపత్రిలో ఉండగానే టీము ఎక్విప్‌మెంట్ మేనేజరు వచ్చాడు. సామాను, బట్టలు చూసుకునే మనిషి, రాగానే జోకు వేసేవాడు. ఆ రోజు వెయ్యలేదు. హ్యాంగర్లకున్న టీము కోట్లన్నీ తీసుకున్నాడు. ఒకదానికి ఇంకా గుండుసూదులున్నాయి.

"అది అవలేదు, గుచ్చుకుంటుంది," అన్నాను.

"పర్లేదు శామ్. ఇకపైన మావాళ్ళెవరూ రారు."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు," అని తలుపు కాలితో తెరుచుకుని వెళ్ళిపోయాడు.

నాకు తెలియదు. ప్రణవ్ వచ్చాక తెలిసింది. ఈసారి వాడి చేతిలో ప్యాంటు లేదు. "అంకుల్, ఫోరమ్‌లో అందరూ దర్జీ చెప్పాడు అంటున్నారు. టీమ్ సైడ్ నుంచే వచ్చిందంట." కౌంటర్ మీదికి వంగాడు. "నువ్వు... ఎవరి దగ్గరైనా దగ్గావా?"

వాడు వేళాకోళానికి అనలేదు. అలా అన్నా బాగుండేది.

"ఆ రోజు నాకు నిజంగా దగ్గొచ్చింది ప్రణవ్. ఆపుకున్నాను," అన్నాను. వాడు తలూపాడు. వెళ్ళి నా తరఫున ఏదో రాశాడు కూడా. "దర్జీ మేనల్లుడు వచ్చాడు" అని వాణ్ణి ఏడిపించారు. ఇక రాయొద్దని నేనే అన్నాను.

కోల్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆ తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు. చర్చిలో పాస్టరుగారు "క్షమించి వదిలెయ్యండి శామ్యేలుగారూ" అన్నారు. "ఎవర్నండీ? పేరు తెలిస్తే కదా," అన్నాను. ఆయన నా చేతిలో కాఫీ పెట్టారు.

ఈలోగా ఫోరమ్‌లో అదొక ఊతపదమైపోయింది. ఎవరికి దెబ్బ తగిలినా, ఏ కాంట్రాక్టు వార్త వచ్చినా, కింద ఎవడో ఒకడు "దర్జీని అడగండి" అని రాస్తాడు. ఆ దర్జీ ఎవడో, బతికున్నాడో లేదో రాసేవాడికి తెలియదు. కుర్రాళ్ళకి అది వట్టి జోకు. కోపం కూడా ఎంతకాలమని పడతాం? పొద్దున్నే షట్టరు ఎత్తడం, ఎవరో పెళ్ళి లెహంగా నడుము తగ్గించడం, సాయంత్రం దించడం. బిల్ పోయాడు. ప్రణవ్‌కి పెళ్ళయింది, సూటు నా దగ్గరే కుట్టించుకున్నాడు.

పోయిన చలికాలంలో తలుపు తెరుచుకుని కోల్ వచ్చాడు. జుట్టు పలచబడింది. టీవీలో ఆట విశ్లేషణ చెప్పే ఉద్యోగం దొరికిందట, సూట్లు కావాలి. "ఈ తొడలకి ఇంకెవరూ కుట్టలేకపోతున్నారు శామ్," అన్నాడు, నిన్న వెళ్ళి ఇవాళ వచ్చినవాడిలా. నేను నోట్లో సూదులు పెట్టుకుని కొలతలు తీశాను. కుడి చెయ్యి లేచింది. ఎడమది ఎప్పట్లాగే సగంలో ఆగింది.

ఈ పనిలో అందరూ మొదట నేర్పేది నోరు మూసుకోమని. నేను మూసుకున్నాను. నోరు మూసుకున్నవాడి మీద ఎవరి మాటైనా తెచ్చి పెట్టచ్చని, వాడు దాన్ని దించుకోలేడని మాత్రం నాకెవరూ నేర్పలేదు. అది ఆ ఒక్క కోటు నేర్పింది.

సూదులు తీసి డబ్బాలో వేశాను. టేపు అతని ఎడమ భుజం మీదే ఉంచి, అద్దంలో చూస్తూ అడిగాను. "కోల్, ఆ మాట చెప్పింది నేననే ఇంకా అనుకుంటున్నావా?"

అద్దంలోనే నా వైపు చూసి చెప్పాడు.

"నువ్వు కాదని నాకు ఆ వారమే తెలుసు శామ్. వాగింది మా ఆవిడ తమ్ముడు. టీమువాళ్ళు పేరు చెప్పేదాకా కదిలేది లేదని ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చున్నారు. ఇంట్లోవాణ్ణి ఎలా పట్టివ్వను? నీ పేరు చెప్పాను. నీకు పోయేదేముందిలే అనుకున్నాను."