గోండ్‌పిప్రి పురుగుల బదిలీ

దసరా సెలవుల్లో ఎస్తేరక్క ఫోన్ చేసింది. ఆమె మా పెద్దమ్మ కూతురు. బావ ఘుగ్గుస్ బొగ్గుగనిలో పనిచేస్తాడు, ఆమె అక్కడి బడిలో సైన్స్ చెబుతుంది.

"విమలా, మా పిల్లలు నాలాల పురుగులు పడ్తున్నరే. ఏ పురుగుంటె నీళ్లు మంచియి, ఏదుంటె ఖరాబో చూసి నాలాకు మార్కులు ఏస్తున్నరు. నువ్వు జీవశాస్త్రం టీచరువి గద, జెర వచ్చి చూసిపో," అంది.

శనివారం పొద్దున ఏడింటికి మంచిర్యాలలో రైలెక్కాను. సీటు లేదు. నాగపూర్ దీక్షాభూమి యాత్రకు వెళ్తున్న తెల్లచీరల ఆడవాళ్లు జరిగి కాస్త చోటిచ్చారు. తొమ్మిదిన్నరకు చంద్రపూర్‌లో దిగి, బస్టాండు దగ్గర తర్రీ పోహా తిన్నాను. అటుకుల మీద ఎర్రటి శనగల పులుసు పోసిస్తారు, కళ్లలో నీళ్లు తిరిగేంత కారం. అక్కణ్నుంచి ఘుగ్గుస్‌కు ముప్పావు గంట. మీరెప్పుడైనా వెళ్తే ఆ బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎగబడకండి. బొగ్గు లారీల దుమ్ముకు నా పసుపు చీర ఏ రంగుదో అక్క గుర్తుపట్టలేకపోయింది.

మధ్యాహ్నం అన్నం తిని నాలా దగ్గరికి వెళ్లాం. తొమ్మిదో తరగతి పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో జల్లెడలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల నాయకురాలు ప్రణాలి. మరాఠీ తప్ప మరో మాట రాదు. ఆమె మాటలు నాకు తెలుగులో చెప్పే పని జ్యోతి అనే అమ్మాయిది.

"మూడు తోకల పురుగుంటె పది మార్కులు మేడం. గది మంచి నీళ్లల్లనే బతుకుతది. తూనీగ పిల్లకు ఆరు. గీ ఎర్ర పురుగుకు ఒక్కటే, గది ఏడైనా బతుకుతది."

తెల్లటి పళ్లెంలో అన్నీ ఎర్ర పురుగులే. దారప్పోగుల్లా మెలికలు తిరుగుతున్నాయి. నాలా ఫెయిల్.

అంతలో గొడుగు పట్టుకుని హెడ్మాస్టరు దేశ్‌కర్ గారు వచ్చారు. నాకు నమస్కారం పెట్టి, హిందీలో "బయటి పరీక్షకులు వచ్చారు కదా, గ్రేస్ మార్కులు వేయండి," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సంగతేమిటంటే, నాలా మీద సిమెంటు పలకలు పరిచి దుకాణాలు కట్టాలని ఊళ్లో కొందరి ఆలోచన. అది వాగైతే కుదరదు, మురికి కాలువైతే కుదురుతుంది. ఏదో తేల్చడానికి సోమవారం చంద్రపూర్ నుంచి పెద్దసారు, అంటే జిల్లా అధికారి, వస్తున్నారు.

"మూసేస్తె మా మేకలు ఏడ తాగాలె మేడం?" అంది జ్యోతి. వాళ్లిల్లు ఆ ఒడ్డునే.

హెడ్మాస్టరు బాధ వేరు. ఆయన బడి పేరు మీద ఏదీ ఇంతవరకు ఫెయిల్ కాలేదు. "గోండ్‌పిప్రి బడి వాగుకు ఫస్ట్ క్లాస్ వచ్చిందట. ఆ పురుగుల్ని ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ చేయిద్దాం. మాకూ ట్రాన్స్‌ఫర్లు అవుతుంటాయి కదా, ఎక్కడ వేస్తే అక్కడ బతకడం లేదా?" అన్నారు.

నేను కుదరదన్నాను. ప్రణాలి జ్యోతి చెవిలో ఏదో చెప్పింది.

"తెద్దాం మేడం," అంది జ్యోతి. "అయితే పరీక్ష మేం వేరే తీర్న పెడ్తం."

ఏ తీరని అడిగేలోపే ఇద్దరూ జల్లెడలు తీసుకుని ఒడ్డెక్కేశారు.

ఆదివారం పొద్దున్నే నేనూ అక్కా ఆ ఇద్దరమ్మాయిలూ ప్లాస్టిక్ బకెట్‌తో బయల్దేరాం. చంద్రపూర్‌లో బస్సు మారి, పదింటికల్లా గోండ్‌పిప్రిలో ఉన్నాం. వరి చేల వెంట కాసేపు నడిస్తే అడవి అంచున వాగు. అక్కడి బడి పిల్లలు తోడొచ్చారు. రాయి తిప్పితే చాలు, వడ్లగింజంత పురుగులు, వెంట్రుకల్లాంటి మూడు తోకలాడిస్తూ పరుగెత్తాయి. బకెట్ నింపుకుని కదులుతుంటే అక్కడి పిల్లాడొకడు నిలదీశాడు. ఎప్పుడు వాపస్ ఇస్తారట. వచ్చే ఆదివారమని ప్రణాలి చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

తిరుగు బస్సులో కండక్టరు బకెట్ చూసి, చేపలైతే సామాను టికెట్ పడుతుందన్నాడు. పురుగులని చెప్పాను. ఆయన వంగి చూసి, చాలాసేపు ఆలోచించి, పురుగులకు రేటు లేదని ముందుకెళ్లిపోయాడు.

వెనక సీట్లో తెలుగు పెద్దమ్మ ఒకామె ఇదంతా వింటోంది. "ఏంది బిడ్డా, పురుగులు తీస్కపోతున్నరా? మా పత్తి చేన్ల బోలెడున్నయ్. ఊకెనే ఇస్త, బండి కట్టుకొని రాండ్రి," అంది.

అవి పత్తి పురుగులు కావనీ, నీళ్లలో గాలి తగ్గితే చచ్చిపోతాయనీ చెప్పాను. ఆమె వెంటనే తన చెంబుతో బకెట్లో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టింది, చాయ్ చల్లార్చినట్టు. చేతులు నొప్పి పుడితే చెంబు పక్కాయనకిచ్చింది. ఆయన నుంచి పెళ్లికి పోతున్న కుర్రాళ్లకు పోయింది. చంద్రపూర్ వచ్చేసరికి బస్సులో సగం మంది ఆ పురుగులకు గాలి పోశారు. దిగేటప్పుడు పెద్దమ్మ చెంబు మాకే ఇచ్చేసి, "పైలంగ తోల్కపోండ్రి," అంది.

సాయంత్రం ఘుగ్గుస్‌లో పిల్లలు దోమతెర గుడ్డతో కుట్టిన సంచిలో పురుగుల్ని పోసి, నాలాలో రాళ్ల మధ్య కట్టారు. చీకటి పడుతోందని మేం ఇంటికొచ్చేశాం. వాళ్లు మాత్రం ఇంకా పనుందని ఉండిపోయారు.

సోమవారం పదకొండింటికి నాలా ఒడ్డున షామియానా, మైకు, కుర్చీలు. ఖర్చంతా లారీలు కడిగించే జాగా యజమానిది. అందుకని వేదిక మీద పెద్దసారు పక్కన ఆయన్నే కూర్చోబెట్టి ఇద్దరికీ శాలువాలు కప్పారు. హెడ్మాస్టరు నాలాకు కొబ్బరికాయ కొట్టారు. ప్రణాలి సంచి పైకెత్తింది.

అన్నీ చచ్చి ఉన్నాయి. అంతమంది కష్టపడి తెచ్చినవి.

"కొత్త ఊరు కదా సార్, బెంగ పెట్టుకున్నాయి," అన్నారు హెడ్మాస్టరు మైకులో.

పెద్దసారు నా వైపు తిరిగి, "చచ్చినవాటికి మార్కులుంటాయా?" అని అడిగారు. ఉండవన్నాను. "అయితే ఇది కాలువే. పలకలు వేసుకోవచ్చు," అని లేచారు.

ప్రణాలి మైకు దగ్గరికి నడిచింది. ఆమె మాటల్ని అక్క నాకు మెల్లగా తెలుగులో చెప్పింది. పురుగుల్ని రెండు సంచుల్లో పెట్టారట. ఇంకోటి నాలా ఎగువన ఉందట.

అందరం ఒడ్డు వెంట నడిచాం. పెద్దసారు తెల్లబూట్లు, యజమాని దండ, మైకు పట్టుకున్న మనిషి, అందరూ. లారీలు కడిగే జాగా దాటుతుంటే ఒక లావుపాటి పైపు నల్లటి నూనె నీళ్లను నాలాలోకి వదులుతోంది. దాన్ని దాటి పది అడుగులు పైకి వెళ్లి, ప్రణాలి నీళ్లలో దిగి రెండో సంచి విప్పింది.

"జివంత్ ఆహేత్!" అని అరిచింది. బతికే ఉన్నాయి!

పెద్దసారు బురదలో గొంతుక్కూర్చుని, ఒక పురుగును అరచేతిలో వేసుకుని, పైకి వినబడేలా తోకలు లెక్కపెట్టారు. "ఏక్, దోన్, తీన్." తర్వాత తలెత్తి యజమానిని చూశారు. అందరం ఆయన్నే చూశాం.

"పురుగుల కోసం లారీలు కడగడం ఆపాలా?" అన్నాడాయన.

"కడుక్కో. మా నాలాల కడగకు," అంది జ్యోతి.

పైపు ఇప్పుడే మూయించమన్నారు పెద్దసారు. మూయడానికి అక్కడేమీ లేదు. ఆయనే తన భుజం మీది శాలువా తీసిచ్చారు. అది చాలలేదు. యజమాని శాలువా కూడా కుక్కాల్సి వచ్చింది. జరీ అంచు బయటికి వేలాడుతుండగా ధార ఆగింది. నూనె నీళ్లకు గుంత తవ్వుతానని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాడు. పలకల మాట ఇక ఎత్తొద్దన్నారు పెద్దసారు. హెడ్మాస్టరు మైకు అందుకుని ఫలితం ప్రకటించారు: "పై నాలా పాస్. కింది నాలా సప్లిమెంటరీ."

మంగళవారం దసరా. మధ్యాహ్నం బల్లార్షాలో రైలెక్కాను. ఎదురుగా ఒకాయన అందరికీ మిఠాయి పంచుతున్నాడు. "ఇయ్యాల్టి నుంచి మనది మంచిర్యాల జిల్లా మేడం, ఆదిలాబాద్ కాదు. నోరు తీపి చేసుకోండ్రి." తీసుకున్నాను. రైలు వార్ధా నది వంతెన మీదికి వచ్చింది. జనం దండాలు పెట్టుకుంటూ నీళ్లలోకి నాణేలు విసురుతున్నారు. నేను కిటికీలోంచి ఒడ్డు పొడుగునా చూస్తున్నాను.

"ఏమన్న పడిపోయిందా మేడం?" అన్నాడు మిఠాయి ఆయన.

"లేదు. నీళ్లల్ల కలిసే పైపులేమన్న ఉన్నయా అని చూస్తున్న."

ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, నా పక్కనుంచి ఒడ్డు మీదికి తొంగి చూశాడు.

"అగో, ఒకటున్నది," అన్నాడు.