అట్ట ఇంట్లో పెట్టమన్నాను

సిద్దిపేటలో చిన్న చిన్న దవాఖానలు నడిపే డాక్టర్ల చేత కంప్యూటర్ ముట్టించడం నా ఉద్యోగం. ఇప్పటికీ అదే చేస్తున్నాను కాబట్టి ఈ మాట కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాను. రోగి వివరాలు కాగితం మీద కాకుండా కంప్యూటర్లో ఉండాలి, ఒక ఆసుపత్రిలో రాసినవి ఇంకో ఆసుపత్రిలో కూడా కనబడాలి, మనిషి ఎక్కడికి పోయినా అక్కడి డాక్టరుకు ఆ మనిషి జబ్బుల సంగతి అంతా తెలియాలి. కంపెనీ వాళ్లు శిక్షణలో ఈ మాటలు నాతో బట్టీ పట్టించారు. నేను నమ్మాను కూడా. నమ్మకుండా జీతం కోసమే చేసి ఉంటే కొంచెం జాగ్రత్తగా చేసేవాణ్ణేమో.

డాక్టర్లు ఊరికే లొంగలేదు. నా మొదటి డాక్టరు ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న పెద్దాయన. మేం ఇచ్చిన మానిటరును గోడవైపు తిప్పి, దాని వెనకాల మందుల కంపెనీ క్యాలెండరు తగిలించాడు. వారానికి రెండుసార్లు వెళ్లి దాన్ని ఇటు తిప్పేవాణ్ణి. నేను మెట్లు దిగేలోపు ఆయన మళ్లీ అటు తిప్పేవాడు.

"నువ్వు ఎన్నిసార్లు తిప్పినా గంతే," అన్నాడొకసారి. "పేషెంటు మొకం జూడాల్నా, గీ డబ్బా మొకం జూడాల్నా నేను? గది ముందు చెప్పు."

నేను నవ్వాను. లోపల మాత్రం, ఈ ముసలాయన ఇక మారడు అనుకున్నాను. చివరికి ఆయన మారలేదు గానీ విసిగిపోయాడు. కౌంటర్లో కూర్చునే నర్సమ్మ చేత టైపు చేయించడానికి ఒప్పుకున్నాడు. దాన్నే నేను విజయం అని పై వాళ్లకు రాసి పంపాను.

ఇక పల్లెల వంతు వచ్చింది. ప్రతి మనిషికీ ఒక హెల్త్ ఐడీ చేయాలి, దాన్ని ఒక ఫోన్ నంబరుకు కలపాలి. కొత్త ఆసుపత్రి ఏదైనా ఆ మనిషి రికార్డు తెరవాలంటే ఆ ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఆరు అంకెలు చెబితే మనిషి ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే ఒప్పుకోనట్టు. ఎంత తేటగా ఉందో చూడండి. ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఇంతకంటే తేటైన పద్ధతి తట్టదు.

నంగునూరు దగ్గర ఒక ఊళ్లో మహిళా సంఘం వాళ్లను కూర్చోబెట్టి క్యాంపు పెట్టాను. పద్నాలుగు మంది వచ్చారు. ఎక్కువ మంది బీడీలు చేసేవాళ్లే. చేటలు ఒళ్లో పెట్టుకుని, నా మాటలు వింటూనే ఆకు చుట్టి దారం కడుతున్నారు. ఫోన్ నంబర్లు అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె ఫోను భర్త పొలానికి పట్టుకుపోయాడు. ఒకామెది రీచార్జి అయిపోయి మూడు నెలలు. ఇంకొకామె నెమ్మదిగా చెప్పింది, "మా ఆయన ఫోన్ల పెట్టకు సారు. నేను దవాఖానకు పోయింది ఆయనకెందుకు ఎర్కగావాలె."

అప్పుడు సంఘం లీడరు ముందుకు వచ్చింది. నలభై అయిదేళ్ల మనిషి, గట్టి గొంతు. పదేళ్లుగా నంబరు మార్చని ఫోను ఆమె ఒక్కదానిదే. సంఘం మెసేజీలు, బ్యాంకు మెసేజీలు, గ్యాసు బండ మెసేజీలు అందరివీ ఆ ఫోనుకే వస్తాయి. వచ్చినవి ఆమె ఇంటింటికీ పోయి చెబుతుంది. ఆ ఊరికి అది అలవాటైన పని.

"అందరిది నా నంబరే పెట్టు సారు," అంది. "నా ఫోన్ ఎప్పుడు బంద్ గాదు."

ఒక నంబరుకు ఇంతమందిని కలపకూడదు అని నాకు రూలు తెలుసు. పక్కదారి కూడా తెలుసు. సాయంత్రం లోపు పద్నాలుగు ఐడీలు చూపించాలి. చూపించాను. ప్రతి ఐడీ కార్డు వెనకా మార్కరుతో లీడరు నంబరు రాసి, లామినేషన్ చేయించి పంచాను. ఆ రోజు నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ పద్నాలుగు మందిలో ముప్పై ఏళ్ల ఒక అమ్మాయి ఉంది. ఆమె చేతిలో బట్టల దుకాణం కవరు, కవరులో ఏళ్ల తరబడి చీటీలు, ఎక్స్‌రేలు, వాటి మధ్య చీర పెట్టె నుంచి చింపిన ఒక అట్ట ముక్క ఉన్నాయి. అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక మందు పేరు, దాని కింద 'ఈ సూది ఈమెకు పడదు, ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దు' అని రాసి ఉంది. రాసింది మానిటరును గోడవైపు తిప్పిన మా పెద్ద డాక్టరే. రెండేళ్ల కింద ఆయన దగ్గరే ఆ సూది వేస్తే ఆమెకు మొహం వాచి ఊపిరి ఆడలేదట. చావు తప్పింది. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా ఆ అట్ట ముందు చూపిస్తుంది.

కాగితాలన్నీ ఫోటోలు తీసి ఎక్కించాను. ఆ సూది సంగతి విడిగా, సరైన చోట, తప్పు లేకుండా నమోదు చేశాను. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను.

కవరు తిరిగి ఇస్తుంటే ఆమె అడిగింది. "అయితే సారు, ఇగ గీ అట్ట ఎంట పట్టుకపోవాల్నా?"

"అవసరం లేదు చెల్లె," అన్నాను. "ఇంట్ల పెట్టు. ఈ కార్డు చాలు. ఏ దవాఖానకు పోయినా వాళ్లకు అన్నీ కనబడతయ్."

ఆమె నవ్వింది. "మంచిగైంది. పోయిన కాడల్లా గీ కవరు మోసుడే అయితుండె."

నాలుగు నెలల తర్వాత ఆమె కుకునూరుపల్లి వైపు ఉన్న పుట్టింటికి పోయింది. అన్న బిడ్డకు ఓణీల ఫంక్షన్. అక్కడ జ్వరం వచ్చింది. రెండు రోజులు గోలీలతో నెట్టుకొచ్చారు. మూడో రోజు నిమ్ము చేసి, ఊపిరి ఆడక ఎగపోత వచ్చి, తెలివి తప్పింది. అన్న ఆటోలో వేసుకుని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. సూది పడని సంగతి ఆయనకు తెలియదు, అది ఆమె అత్తగారింట్లో ఉన్నప్పుడు జరిగిన ముచ్చట. చెల్లె పర్సులో కార్డు ఉందని మాత్రం తెలుసు. ఫంక్షన్‌లో ఆమె దాన్ని నలుగురికీ చూపించి చెప్పిందట, ఇగ నా సంగతంతా గిండ్లనే ఉన్నదని.

ఆ ఆసుపత్రిలోనూ సాఫ్ట్‌వేర్ మేం పెట్టిందే. రికార్డుల దగ్గర కూర్చునే అమ్మాయి కార్డు నంబరు కొట్టింది. ఓటీపీ పోయింది. ఎవరి ఫోనుకు పోయిందో అర్థంకాక నాకు ఫోన్ చేసి, పేషెంటు పేరూ ఊరూ చెప్పి అడిగింది. పొద్దున పదకొండు అవుతోంది. నేను ఒక కొత్త నర్సింగ్ హోమ్‌లో, రికార్డు ఎంత తొందరగా తెరుచుకుంటుందో నలుగురు డాక్టర్లకు తెర మీద చూపిస్తున్నాను.

"కార్డు వెనక నంబరు ఉంటది, దానికి చేసి అడుగమ్మా," అని పెట్టేశాను.

సంఘం లీడరు నంబరు నా ఫోనులో ఉంది. నా గొంతు ఆమె గుర్తుపడుతుంది. పెద్ద డాక్టరు నంబరూ ఉంది. ఇద్దరిలో ఎవరికి ఒక్క ఫోన్ చేసినా సరిపోయేది. నేను చేయలేదు. తెర వైపు తిరిగి, ఎక్కడ ఆపానో అక్కడి నుంచి చెప్పుకుపోయాను.

రికార్డుల అమ్మాయి లీడరుకు ఫోన్ చేసింది. మీకొక ఓటీపీ వచ్చింది, చెప్పండి అని అడిగింది. సరిగ్గా అంతకు నెల ముందే బ్యాంకు సారు సంఘాన్ని కూర్చోబెట్టి మరీ చెప్పి పోయాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. వాళ్లు మీ పేర్లు చెబుతారు, మీ ఊరి వాళ్ల పేర్లు చెబుతారు, ఆపదలో ఉన్నారంటారు, ఏడుస్తారు. అయినా చెప్పొద్దు. ఫోన్ పెట్టేయండి, మళ్లీ చేస్తే బంద్ చేయండి. లీడరు ఆ మాటలు సంఘం రిజిస్టరులో రాసుకుని, ప్రతి సోమవారం అందరి చేతా చెప్పించేది. ఇప్పుడు ఎవరో తెలియని పిల్ల ఫోన్ చేసి, ఊళ్లో మనిషి పేరు చెప్పి, ఆమె ఆపదలో ఉంది అంకెలు చెప్పండి అంటోంది. పక్కన ఉండి నిజమని చెప్పడానికి అన్న కూడా లేడు, మందుల కోసం కిందికి పోయాడు. లీడరు పెట్టేసింది. రెండోసారి చేస్తే నాలుగు తిట్టి పెట్టేసింది. మూడోసారికి, పదేళ్లలో ఎప్పుడూ బంద్ కాని ఆ ఫోనును బంద్ చేసింది.

రికార్డు తెరుచుకోలేదు. మనిషి చేయి దాటిపోయేట్టు ఉంది. డాక్టరు ఎంతసేపని ఆగుతాడు. నిమ్ముకు వేసే సూదే వేశాడు. అట్ట మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉన్నది అదే.

పదకొండు రోజులు మిషను మీద ఊపిరి తీసుకుంది. బతికింది. మెదడుకు గాలి అందని ఆ కాసేపట్లో కుడి చేయి పోయింది, మాట ముద్దయింది.

తర్వాత నేను ఆఫీసులో కూర్చుని ఆమె ఖాతా తెరిచాను. ఎవరు ఎప్పుడు చూడబోయారో, ఏం జరిగిందో అన్నీ అందులో ఉంటాయి. ఆ రోజు పదకొండు గంటల నాలుగు నిమిషాల దగ్గర ఒక వాక్యం ఉంది. 'రోగి సమ్మతి ఇవ్వలేదు.' మంచం మీద తెలివి తప్పి పడి ఉన్న మనిషి, నా రికార్డు చూడొద్దని చెప్పినట్టు మా రికార్డులో ఉంది. దాన్ని మార్చడానికి ఏదైనా దారి ఉందా అని వెతికాను. లేదు. అలా మార్చగలిగితే అది రికార్డే కాదని శిక్షణలో నేనే వందమందికి చెప్పాను.

మా మేనేజరుకు చూపించాను. ఆయన శ్రద్ధగా చదివి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"సిస్టమ్ కరెక్టుగనే పనిచేసింది కదా," అన్నాడు. "మన దిక్కు ఏం ప్రాబ్లం లేదు."

ఒక నంబరుకు పద్నాలుగు మందిని కలిపింది నేనని ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు. అడిగితే క్యాంపు లెక్కలో ఆయన ఏం చూపించుకున్నాడో కూడా బయటికొస్తుంది.

పెద్ద డాక్టరు మాత్రం అడిగాడు. నేను వెళ్లేసరికి ఆయనకు ఎవరో చెప్పేశారు. తిడతాడనుకున్నాను. నిజానికి తిట్టించుకోవడానికే పోయాను.

"అట్ట ఏమైంది?" అన్నాడు.

"ఇంట్ల పెట్టమన్న సార్."

ఆయన బెల్లు కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేనే లేచి వచ్చాను.

ఆ ఊరికి పోవడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది. ఆమె అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో చేట లేదు. నన్ను చూసి గుర్తుపట్టి ఏదో అంది. నాకు అర్థం కాలేదు, మళ్లీ అడగడానికి ధైర్యం చాలలేదు. ఇంట్లోకి చూస్తే, వాసానికి కొట్టిన మేకుకు ఆ బట్టల దుకాణం కవరు వేలాడుతోంది. నేను పెట్టమన్న చోటే ఉంది.

లీడరు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ గట్టి గొంతు ఇప్పుడు లేదు. ఫోను తీసి ఆ రోజు వచ్చిన మెసేజి చూపించింది. చెరిపేయకుండా ఉంచుకుంది. ఆరు అంకెలు.

"రోజు తీసి జూస్తున్న సారు," అంది. "గివి చెప్తే చెల్లె మంచిగుండునా?"

తప్పు నీది కాదు, నాది అనాలి. ఆ మాట అనడానికే సిద్దిపేట నుంచి బండి మీద వచ్చాను. దారి పొడుగునా మనసులో అనుకుంటూనే వచ్చాను. నోట్లోంచి మాత్రం, "గట్ల చెప్పలేం అక్కా," అని వచ్చింది. అది మా కంపెనీ వాళ్లు మాకు నేర్పిన మాట.

ఆమె లేచి తన ఇంటికి పోయి సంఘం రిజిస్టరు తెచ్చింది. బ్యాంకు సారు చెప్పిన మాటలు రాసుకున్న పేజీ తీసి, దాని కింద ఖాళీ జాగాలో పెన్ను ఆనించింది.

"మిగిలిన పదమూడు మందివి గీ ఫోన్లనే ఉన్నయ్," అంది. "రేపు మల్ల గట్ల ఫోనొస్తే చెప్పాల్నా, చెప్పొద్దా? గదొక్కటి చెప్పు సారు, రాసుకుంట."

కనుక్కుని చెబుతానన్నాను. ఆమె పెన్ను మూయలేదు, నేను బండి తీసేదాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆమె నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ నేను ఎత్తలేదు.